అన్నం పెట్టే చేతికి మాట కూడా ఇవ్వండి

ఆ వంటగదిలో రెండు సింకులు ఉండేవి. గిన్నెలు రెండు అలమారల్లో వేరువేరుగా ఉండేవి. చెంచాల్లో కొన్నిటికి ఎర్ర టేపు, కొన్నిటికి నీలం టేపు. 2009 నవంబరులో బోధన్ నుంచి బయలుదేరి, టెల్ అవీవ్ పక్కనే ఉన్న రామత్ గన్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో చేరాను. మూడో రోజు పొద్దున, పాలల్లో తిప్పిన చెంచాతోనే పొయ్యి మీద ఉడుకుతున్న కోడికూర కలిపాను. చక్రాల కుర్చీలో ఉన్న ఆమె "హలావీ! హలావీ!" అని కేక పెట్టింది. గిన్నె కాలుతుందని చెబుతోందేమో అనుకున్నాను. గుడ్డతో పట్టుకుని మళ్ళీ కలిపాను. ఆమె కళ్ళు మూసుకుని ముఖం తిప్పుకుంది.

సాయంత్రం కొడుకు వచ్చి, వాళ్ళ మతగురువు రబ్బీకి ఫోన్ చేశాడు. కూర పారబోశారు. గిన్నెనూ చెంచానూ ఒక రోజంతా వాడకుండా పక్కన పెట్టి, మర్నాడు సలసల మరిగే నీళ్ళలో ముంచి తీశారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ పూట ఆమె ఏమీ తినలేదు. "హలావీ" అంటే పాలకు సంబంధించినది. "బసారీ" అంటే మాంసానికి సంబంధించినది. ఈ రెండు మాటలు చెప్పి నన్ను విమానం ఎక్కించి ఉంటే, ఎనభై మూడేళ్ళ మనిషి ఆ రోజు పస్తుండేది కాదు.

నేను అప్పు చేసి తెచ్చిన లక్షలు తీసుకున్న ఏజెంటు, భాష గురించి అడిగితే, "దానికేముందమ్మా, అక్కడికి పోయినంక అదే వస్తది" అన్నాడు. అది దానంతట అదే రాలేదు. ఐదేళ్ళు కష్టపడితే వచ్చింది. ఆ ఐదేళ్ళలో నాకు తెలిసివచ్చింది ఒక్కటే. వృద్ధుల సంరక్షణకు ఇజ్రాయెల్ వెళ్ళే మనవాళ్ళకు హీబ్రూ ఇక్కడే నేర్పాలి. దాన్ని తెలుగులో నేర్పాలి. వంటింటి నుంచి మొదలుపెట్టాలి. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, 2023 మేలో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం 42 వేల మంది భారతీయ కార్మికులకు తలుపు తెరిచింది. అందులో 34 వేలు నిర్మాణ పనులకు, మిగిలిన 8 వేలు నర్సింగ్, సంరక్షణ పనులకు. మన ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఈ పనికి వెళ్ళినవాళ్ళు ముందునుంచే చాలామంది ఉన్నారు. ఇకముందూ వెళతారు.

వంటింటి నుంచే ఎందుకంటారా? ఆచారం పాటించే యూదుల ఇంట్లో ధర్మం మొదట కనబడేది వంటగదిలోనే. మేకపిల్లను దాని తల్లి పాలల్లో ఉడికించకూడదనే నియమం వాళ్ళ ధర్మగ్రంథం తోరాలో మూడు చోట్ల వస్తుంది. దాని నుంచే పాలూ మాంసమూ కలవని వంటిల్లు పుట్టింది. మాంసం తిన్నాక చాలా ఇళ్ళలో 6 గంటలు ఆగి గానీ పాలు ముట్టరు. గిట్ట చీలి, నెమరు వేసే జంతువే తినదగింది. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. ఆ లెక్కన మన కొర్రమీను తినొచ్చు. పొలుసు లేని వాలుగ, జెల్ల తినకూడదు. రొయ్య అసలు పనికిరాదు. గుడ్డు పగలగొడితే ముందు గాజు గిన్నెలో వేసి, రక్తపు చుక్క ఉందేమో చూడాలి. పాలకూ మాంసానికీ చెందని పప్పులు, కూరగాయలు, పండ్లు "పర్వే". ఈ మాటలు తెలియని మనిషి ఆ ఇంట్లో ఒక గ్లాసు టీ కూడా సరిగ్గా పెట్టలేదు.

అన్నిటికన్నా నన్ను కోసిన విషయం ఒకటుంది. కూరలన్నీ నేనే తరిగేదాన్ని, మసాలా నేనే కలిపేదాన్ని. గిన్నె పొయ్యి మీద పెట్టే సమయానికి ఆమె కుర్చీని ముందుకు నెట్టమనేది. వణికే చేతులతో తనే ఎత్తి మంట మీద పెట్టేది. మా నాయనమ్మను ఊళ్ళో పెద్దిండ్ల వంటగదుల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. గిన్నె తోమించుకుని, మళ్ళీ దానిమీద నీళ్ళు చల్లుకునేవాళ్ళు. సముద్రాలు దాటి వచ్చినా అదే అంటు నా వెంట వచ్చిందని రాత్రి దిండులో ముఖం పెట్టి ఏడ్చాను. అడుగుదామంటే మాట లేదు. నాలుగు నెలల తర్వాత, కూడబలుక్కున్న మాటలతో అడిగాను: "లామా లో అనీ?" నేనెందుకు కాదు?

ఆమె చాలాసేపు చెప్పింది. సగమే అర్థమైంది, మిగతా సగం మనవరాలు విడమరచి చెప్పింది. యూదులు కానివాళ్ళు ఒంటరిగా వండిన కొన్ని వంటలు వాళ్ళ ఆచారం ప్రకారం తినకూడదు. వంటలో ఇంటివాళ్ళ చెయ్యి పడాలి. రెండు వేల ఏళ్ళు పరాయి రాజ్యాల్లో చెదిరి బతికినవాళ్ళు తమ పంక్తి చెదరకుండా పెట్టుకున్న కట్టుబాటు అది అంది. ఆ కట్టుబాటు నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. కానీ ఆ శుక్రవారం రాత్రి ఆమె నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు హల్లా రొట్టెల మీద గుడ్డ తీసి, తన చేత్తో ముక్క తుంచి, ఉప్పు అద్ది నాకు ఇచ్చింది. మా నాయనమ్మకు ఏ పెద్దింట్లోనూ ఆ పక్క కుర్చీ దొరకలేదు. రెండిటి మధ్య తేడా నాకు తెలిసింది అడగగలిగాను కాబట్టే. మాట లేకపోతే ఆ గాయం మానకుండా అలాగే ఉండిపోయేది.

నా బడి మసాలా డబ్బాలతో మొదలైంది. కమూన్ అంటే జీలకర్ర. కుర్కుమ్ అంటే పసుపు, వినగానే మన కుంకుమ గుర్తొచ్చింది. హెల్ అంటే ఏలకులు. త్సిపోరెన్ అంటే లవంగం, అదే మాటకు గోరు అని కూడా అర్థం. లవంగాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. డబ్బా మీద అక్షరం, లోపల వాసన, పక్కన ఆమె గొంతు. ఈ మూడూ కలిస్తే మాట మరిచిపోవడం కష్టం.

హీబ్రూకు 22 అక్షరాలు, కుడి నుంచి ఎడమకు రాస్తారు. 5 అక్షరాలు మాట చివర వస్తే రూపు మారతాయి. అసలు కష్టం అది కాదు. మన గుణింతంలో తలకట్టు, గుడి, కొమ్ము పెట్టి పలికేదంతా రాస్తాం. అక్కడ మామూలు రాతలో దాదాపు హల్లులే కనిపిస్తాయి. అచ్చులు తెలిపే చుక్కలు, గీతలు పిల్లల పుస్తకాల్లో, ప్రార్థనల్లో, కవితల్లో ఉంటాయి. "స-ప-ర" అని మూడు అక్షరాలు కనిపిస్తే అది సెఫెర్ కావచ్చు, అంటే పుస్తకం. సపార్ కావచ్చు, అంటే క్షురకుడు. సిపేర్ కావచ్చు, అంటే చెప్పాడు. ముందు మాట తెలిస్తేనే చదవగలం. అందుకే ఈ భాషను పుస్తకంతో ఒంటరిగా నేర్చుకోవడం కష్టం, ఒక మనిషి నోరు పక్కన ఉండాలి. నేను ఆమె మునిమనవడి ఒకటో తరగతి వాచకం అడిగి తీసుకున్నాను, ఎందుకంటే దానిలో చుక్కలుంటాయి.

అయితే మనకు అనుకూలమైనవి చాలా ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్న నా తోటివాళ్ళు "ఐ హ్యావ్"కు హీబ్రూలో ఏమంటారని వెతికేవాళ్ళు. హీబ్రూలో ఆ క్రియ లేదు. "యేష్ లీ" అంటారు, అచ్చంగా "నాకు ఉంది". "కర్ లీ" అంటే "నాకు చలి". "కోఎవ్ లీ" అంటే "నాకు నొప్పి". "అనీ మెతపెలెత్" అంటే "నేను సంరక్షకురాలిని". మధ్యలో మరో క్రియ అక్కర్లేదు, మనకూ అక్కర్లేదు. తెలుగు నుంచి నేరుగా హీబ్రూలోకి వెళితే దారి దగ్గర. ఇంగ్లీషు చుట్టూ తిరిగి వెళితే దూరం. ఇక బోధన్ బజారులో ఉర్దూ వింటూ పెరిగిన చెవికి ఇంకా సులువు. మన హిసాబు అక్కడ ఖెష్బోన్, తారీఖు అక్కడ తఆరీఖ్, సలాం అక్కడ షలోం. కితాబు పుట్టిన క-త-బ వేరు నుంచే కతవ్ (రాశాడు), మిఖ్తావ్ (ఉత్తరం), క్తోవెత్ (చిరునామా) వచ్చాయి. ఒక్క వేరు పట్టుకుంటే పది మాటలు చేతికొస్తాయి. పని ఆపడం అనే వేరు నుంచి వాళ్ళ వారపు విశ్రాంతి దినం షబ్బాత్ వచ్చింది. తెలుగు బైబిల్ చదివేవాళ్ళకు అది సబ్బాతు. సమ్మెకు వాళ్ళు వాడే ష్విత అనే మాట కూడా ఆ వేరు నుంచే వచ్చింది.

నా నోరు తిరగనివి రెండే. ఒకటి, "తింటున్నాను" అనాలంటే మగవాళ్ళు ఓఖెల్ అంటారు, ఆడవాళ్ళు ఓఖెలెత్ అంటారు. "నేను" అన్నచోట కూడా ఆడా మగా తేడా చూడాలి. రెండు, ఆ భాషలో "మీరు" అనే మర్యాద లేదు. ఎంత పెద్దవాళ్ళనైనా "నువ్వు" అనాల్సిందే. తల్లి వయసు దాటిన మనిషిని "నువ్వు" అనడానికి నాకు ఏడాది పట్టింది. అందుకే మనవళ్ళు పిలిచినట్టే "సఫ్తా" అన్నాను. సఫ్తా అంటే అమ్మమ్మ. ఆమె నన్ను "అయూనీ" అనేది. అది హీబ్రూ కాదు, బాగ్దాద్ అరబ్బీ. "నా కళ్ళు" అని అర్థం.

సఫ్తా 1926లో బాగ్దాద్‌లో పుట్టింది. 1950, 51 సంవత్సరాల్లో సుమారు 1,20,000 మంది ఇరాక్ యూదులను విమానాల్లో ఇజ్రాయెల్ చేర్చినప్పుడు ఆమె ఇరవై ఐదేళ్ళ మనిషి. గుడారాల్లో దింపారు. అన్నం తినే జాతి, కానీ ఆ రోజుల్లో రేషన్, బియ్యం దొరకవు. బియ్యపు గింజల ఆకారంలో గోధుమపిండితో చేసిన ప్తితీమ్ ఇచ్చేవాళ్ళు. అప్పటి ప్రధాని పేరుతో దాన్ని బెన్ గురియన్ బియ్యం అనేవాళ్ళు. "ఆ గుడారంలోనే అలెఫ్, బెత్ దిద్దుకున్నా. నాకూ అప్పుడు నీ అంత వయసే" అని చెప్పింది. ఆమె "హ" అక్షరాన్ని బాగ్దాద్ పద్ధతిలో గొంతు లోతు నుంచి పలికేది, మునిమనవడు "ఖ" అనేవాడు. అరవై ఏళ్ళు మాట్లాడినా ఆ భాషలో ఆమె కూడా వచ్చి చేరిన మనిషే. అందుకే నా తప్పులకు విసుక్కోలేదు.

అసలు హీబ్రూ మళ్ళీ బతికింది కూడా ఇంట్లోనే. వందల ఏళ్ళు ప్రార్థనకూ రాతకూ పరిమితమైన భాషను ఎలియెజెర్ బెన్ యెహూదా 1881లో జెరూసలేం చేరి ఇంట్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. 1882లో పుట్టిన కొడుకును ఆ భాషలోనే పెంచాడు. ఇంట్లో బతకాలంటే తువ్వాలుకూ ఐస్‌క్రీమ్‌కూ కూడా మాటలు కావాలి కదా. మగెవెత్, గ్లీదా అనే మాటలు ఆయన కల్పించినవే.

సఫ్తా ఇంట్లో నాకు మన ఊరు కనిపించిన చోటు ఒక పచ్చడి సీసా. పుల్లగా, పసుపుపచ్చగా, మెంతివాసనతో ఉన్న ఆ మామిడికాయ పచ్చడి పేరు "అంబా". మా బోధన్ మహారాష్ట్ర సరిహద్దు, మరాఠీలో మామిడిని ఆంబా అంటారని చిన్నప్పుడే తెలుసు. ఈ పేరు ఇక్కడికెలా వచ్చిందని అడిగాను. బాగ్దాద్ యూదు వర్తకులు బొంబాయిలో వ్యాపారం చేసేవాళ్ళు. వాళ్ళలో ససూన్ కుటుంబం 1830లలో అక్కడ స్థిరపడింది. ఆ దారినే పచ్చడీ పేరూ బాగ్దాద్ చేరాయంటారు, బాగ్దాద్ నుంచి రామత్ గన్ వచ్చాయి. శనివారం పొద్దున వాళ్ళ ఫలహారం చల్లారిన వంకాయ వేపుడు, రాత్రంతా వేడిలో ఉండి గోధుమరంగుకు తిరిగిన గుడ్లు, అంబా. దాన్నే రొట్టెలో పెట్టి అమ్మితే సబీఖ్ అయింది. ఇరాక్ నుంచి వచ్చిన ఒకాయన 1961లో రామత్ గన్‌లోనే ఆ అంగడి తెరిచాడు. నేడు ఇజ్రాయెల్‌లో అది తెలియనివాళ్ళు ఉండరు.

షబ్బాత్ మొదలవుతుంది కాబట్టి, శుక్రవారం పొద్దు గుంకక ముందే వంట పని ఆగిపోవాలి. కోడి కడుపులో బియ్యం, టమాట, మసాలా కూరి, చుట్టూ మరిన్ని బియ్యం పోసి, సన్నని వేడి మీద తెల్లవార్లూ వదిలేస్తారు. అది త్బీత్. శనివారం మూత తీస్తే అడుగంటిన ఎర్రటి అన్నం కోసం పిల్లలు పోట్లాడుకునేవాళ్ళు, మా ఇంట్లో లాగే. పస్కా పండుగకు ముందు ఇరాక్ యూదులు బియ్యాన్ని గింజ గింజా ఏరతారు, గోధుమ గింజ ఒక్కటి కూడా ఉండకూడదని. ఒకసారి కాదు, మూడుసార్లు. తెల్ల గుడ్డ పరిచి ఆమె, నేను ఎదురెదురుగా కూర్చుని ఏరుతుంటే, చాట ముందు కూర్చున్న మా అవ్వ గుర్తొచ్చేది. నాకు హీబ్రూ మాట్లాడటం బాగా వచ్చింది ఆ మధ్యాహ్నాల్లోనే. చేతులు పనిలో ఉంటే నోరు భయపడదు.

భాషా తిండీ ఒకటే అని నాకు నిరూపించింది వాళ్ళ కొత్త సంవత్సరం, రోష్ హషానా. ఆ రాత్రి పళ్ళెంలో ఒక్కో పదార్థం తినేముందు దాని పేరుతో ఒక ప్రార్థన చేస్తారు. ఖర్జూరం తమార్, శత్రుత్వం "యిత్తమ్ము", అంటే ముగిసిపోవాలని. బీట్‌రూట్ ఆకు సిల్కా, చెడు కోరేవాళ్ళు "యిస్తల్కు", అంటే తొలగిపోవాలని. అలసందలు రుబియా, పుణ్యం "యిర్బు", అంటే పెరగాలని. మన ఉగాది పచ్చడిలో అర్థం రుచిలో ఉంటుంది. అక్కడ అర్థం మాట చప్పుడులో ఉంటుంది. భాష రానివాళ్ళకు అది ఆకు, గింజ, పండు. వచ్చినవాళ్ళకు పండుగ.

ఇవన్నీ ముచ్చట్లు, పని సంగతి వేరు అనేవాళ్ళు ఉన్నారు. మందు సీసా మీద "లిఫ్నేయ్ హాఓఖెల్" అంటే భోజనానికి ముందు, "అఖరేయ్ హాఓఖెల్" అంటే తర్వాత. సఫ్తాకు చక్కెర జబ్బు. సుకార్ అంటే చక్కెర, దాన్నుంచే సుకెరెత్, అంటే మధుమేహం. తిండి మాట తెలియకపోతే మందు మాట తెలియదు. 2014 జూలైలో రాకెట్ దాడి సైరన్లు మోగినప్పుడు రామత్ గన్‌లో దాక్కోవడానికి మాకున్న సమయం 90 సెకన్లు. రేడియోలో హీబ్రూలో హెచ్చరిక, గోడ మీద హీబ్రూలో "మిక్లాత్" అనే బాణం గుర్తు. మిక్లాత్ అంటే ఆశ్రయం. ఆ 90 సెకన్లలో ఎవరు అనువాదం చేస్తారు? కుర్చీ నెట్టుకుంటూ నేను దారి తప్పలేదంటే, చదవగలిగాను కాబట్టే.

ఇంగ్లీషు చాలదా అంటే, చాలదు. ఆ వయసువాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు, జబ్బు ముదిరినకొద్దీ వచ్చిన ముక్కలూ పోతాయి. అక్కడికెళ్ళాక నేర్చుకోవచ్చు కదా అంటే, ఉల్పాన్ అనే భాషా పాఠశాలలు 1949 నుంచి ఉన్నాయి. వలస వచ్చి స్థిరపడే యూదులకు ప్రభుత్వం ఉచితంగా నేర్పుతుంది. పనికి వచ్చిన మాకు ఆ హక్కు లేదు. వారానికి ఒక్క సెలవు రోజులో, నెల జీతంలోంచి కట్టుకుని నేర్చుకోవాలి. మొదటి రెండేళ్ళు జీతమంతా అప్పుకే పోతుంది.

జర్మనీకి నర్సులను పంపేముందు మన రాష్ట్రంలోనే జర్మన్ నేర్పుతున్నారు, పరీక్ష పాసైతేనే పంపుతారు. జపాన్‌కు సంరక్షణ పనికి వెళ్ళాలంటే జపనీస్ పరీక్ష ఉండాల్సిందే. ఇజ్రాయెల్‌కు వెళ్ళే ఆడబిడ్డకు మాత్రం ఆ శిక్షణ ఎందుకు ఉండకూడదు? విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థ పూనుకుంటే 3 నెలలు చాలు. తెలుగులో ఒక వాచకం కావాలి. మొదటి పాఠం వంటగది, రెండోది మందులు, మూడోది నొప్పి, నాలుగోది హెచ్చరికలు, ఐదోది జీతం, సెలవు, ఒప్పందం. నేర్పడానికి పండితులను వెతకనక్కర్లేదు. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళ నోట్లో ఉన్న భాష వృథాగా పోతోంది. వాళ్ళను పిలిచి, గౌరవంగా జీతమిచ్చి, పంతులమ్మలను చేయండి.

2015 జనవరిలో సఫ్తా పోయింది. సమాధి చేసి వచ్చాక ఏడు రోజులు, షివా, ఇంటివాళ్ళు నేల దగ్గరగా కూర్చుంటారు. మొదటి భోజనం తమ ఇంటిది తినకూడదు, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టాలి. ఉడికించిన గుడ్లు, మసూర్ పప్పు. చావింట పొయ్యి వెలిగించని ఊరి నుంచి వచ్చిన నాకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. వచ్చినవాళ్ళు ఆమె గురించి చెప్పుకున్న ప్రతి మాటా నాకు అర్థమైంది. ఆమె కొడుకు నన్ను కూడా దగ్గర కూర్చోబెట్టి, నువ్వూ చెప్పు అన్నాడు. ఆమె నాకు నేర్పిన భాషలోనే చెప్పాను.

ఐదేళ్ళలో రాసుకున్న 200 పేజీల నోటు పుస్తకం నా దగ్గర ఉంది. ఒకవైపు హీబ్రూ అక్షరాలు, మధ్యలో తెలుగు ఉచ్చారణ, చివర అర్థం. మొదటి పేజీలో మొదటి మాట హలావీ, రెండోది బసారీ. తెలుగు వాచకం తయారుచేస్తామని ప్రభుత్వం ముందుకొస్తే ఆ పుస్తకం ఇచ్చేస్తాను. నేర్పమంటే వచ్చి నేర్పుతాను.